పెద్ద పాదానికి పెద్ద నంబరు చాలదు



క్రిస్మస్ దగ్గర పడేసరికి మన సంఘాల నుంచి ఆసుపత్రికి చెప్పుల మూటలు వస్తుంటాయి. స్త్రీల సమాజం వారు, యౌవనస్థులు చందాలు వేసుకుని హోల్‌సేల్‌లో కొని తెస్తారు. ఆరు నంబరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ప్రార్థన చేసి పంచిపెడతాము, ఫోటో దిగుతాము. ఆ ప్రేమను మేము తక్కువ చేసి మాట్లాడడం లేదు. కానీ ఒక సంవత్సరం పంపకం అయిపోయి అందరూ వెళ్ళిపోతుండగా, జక్రాన్‌పల్లి మండలం నుంచి వచ్చిన ఒక పెద్దాయన గోడ పక్కన అట్లాగే కూర్చుని ఉన్నాడు. "మీకు అందలేదా పెద్దయ్యా?" అని అడిగితే, "నా కాలుకు సరిపోయేది గాడ యాడుంటది సారూ, ఊకె సూద్దామని వచ్చిన" అన్నాడు.

ఎడమ కాలు బోదకాలు. కుడిది మామూలుగానే ఉంది, కాకపోతే అదీ పెద్ద పాదమే. ఎడమ కాలికి ఒక రబ్బరు చెప్పు, దాని పట్టీ కోసేసి సుతిలి తాడుతో కట్టుకున్నాడు. ఆ కాలితోనే రాత్రిళ్ళు మక్క చేను కావలికి పోతాడట. అడవి పందులు పడితే ఒక్క రాత్రిలో చేను నేలమట్టమవుతుందని మన ప్రాంతపు రైతులకు చెప్పనక్కర లేదు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆయన మీద జాలిపడి, పట్నంలో వెతికించి, దొరికినవాటిలో పెద్దవైన పన్నెండు నంబరు బూట్లు కొని ఇచ్చాము. పది రోజులకు ఆయన చలిజ్వరంతో తిరిగి వచ్చాడు. మడమ మీద బొబ్బ చితికి పుండయింది, గజ్జలో బిళ్ళ కట్టింది, కాలు ఇంకా లావెక్కింది. వారం రోజులు వార్డులో ఉండాల్సి వచ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు. బూట్లు మాత్రం కడిగి, తుడిచి, మా బల్ల మీద పెట్టి పోయాడు.

పెద్ద పాదానికి పెద్ద నంబరు అనుకోవడంలో ఉన్న పొరపాటు లెక్క చూస్తే తెలుస్తుంది. మన దుకాణాల్లో వాడే నంబరు పాత ఇంగ్లీషు కొలత. ఒక నంబరు పెరిగితే చెప్పు పొడవు అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. చుట్టుకొలత మాత్రం పావు అంగుళం, ఆరు మిల్లీమీటర్లు పెరుగుతుంది. బోదకాలు ఉన్న పాదానికి చుట్టూ ఎన్నో సెంటీమీటర్ల చోటు కావాలి. ఆ చోటు కోసం నంబరు పెంచుకుంటూ పోతే ముందు అరచెయ్యి పట్టేంత ఖాళీ మిగులుతుంది. నడిచినప్పుడు పాదం ఒకచోట వంగుతుంది, బూటు ఇంకోచోట వంగుతుంది. మడమ పైకీ కిందికీ జారుతూ ఒరుసుకుంటుంది. ఆ పెద్దాయనకు జరిగింది ఇదే.

అసలు మన పాదాలకు ఆ కొలతలే సరిపోవు. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థ వారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలు కొలిచారు. యూరపువారి పాదాలకన్నా మనవి వెడల్పని తేలింది. మన దేశానికి వేరే కొలత ఉండాలని చెప్పి "భా" అనే పేరుతో ఒక పద్ధతిని ప్రతిపాదించారు. చిన్నప్పటి నుంచి చెప్పులు లేక పొలాల్లో నడిచిన కాళ్ళు విచ్చుకునే ఉంటాయి. చెప్పు కరిచిందంటే కాలిదే తప్పన్నట్టు దుకాణదారు చూస్తాడు గాని, తప్పు కాలిది కాదు.

లోకంలో అందరికన్నా పొడవైన మనిషిగా లెక్కకెక్కిన అమెరికా యువకుడు రాబర్ట్ వాడ్లో సంగతి చాలామందికి తెలియదు. ఎత్తు 272 సెంటీమీటర్లు, పాదం పొడవు సుమారు 47 సెంటీమీటర్లు. ఒక చెప్పుల కంపెనీ ఆయనకు ఉచితంగా బూట్లు కుట్టించి ఇచ్చేది, ఆయన ఆ కంపెనీ తరఫున ఊరూరా తిరిగేవాడు. కాబట్టి బూట్లకు కొదువ లేదు. అయితే పాదాల్లో స్పర్శ సరిగా ఉండేది కాదు. 1940 జూలైలో కాలికి కట్టుకున్న ఊత సరిగా కుదరక చీలమండ దగ్గర ఒరుసుకుని బొబ్బ లేచింది. నొప్పి తెలియలేదు. అది చీము పట్టి, రక్తానికి పాకి, జూలై 15న ఆయన చనిపోయాడు. ఇరవై రెండేళ్ళు! అంత మనిషిని తీసుకుపోయింది ఒక బొబ్బ.

మన దగ్గర ఈ ప్రమాదం ముగ్గురికి ఉంది. కుష్టు వలన నరాలు దెబ్బతిని పాదంలో స్పర్శ పోయినవారు, చాలా ఏళ్ళుగా చక్కెర వ్యాధి ఉండి కాళ్ళు తిమ్మిరెక్కేవారు, బోదకాలు ఉన్నవారు. మొదటివారి సంగతి మన జిల్లాకు కొత్త కాదు. స్కాట్లాండు నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ గారు, రాజా నర్సాగౌడ్ గారి ధనసహాయంతో, 1915లో డిచ్‌పల్లిలో కుష్టు ఆసుపత్రి తెరిచిన నాటి నుంచి మన తాతలు ఆ పాదాలను చూస్తున్నారు. అయితే వ్రేళ్ళు ఎందుకు అరిగిపోతున్నాయో అప్పట్లో తెలియదు, రోగమే కండను తినేస్తుందనుకునేవారు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు, ఆయన తోటివారు కనుగొన్నది ఏమిటంటే, ఆ పుండ్లు చాలావరకు నొప్పి తెలియక ఒకేచోట మళ్ళీ మళ్ళీ ఒత్తిడి పడడం వలన వచ్చేవే. మెత్తని, సరిగ్గా కుదిరిన చెప్పు ఉంటే పుండు రాదు. అట్లా వచ్చినవే ఎంసీఆర్ చెప్పులు. కుష్టు వలన స్పర్శ పోయినవారికి ప్రభుత్వమే వీటిని ఉచితంగా ఇస్తుంది, అడిగి తీసుకోండి.

బోదకాలు వారిది ఇంకో రకం. దోమకాటుతో చేరిన పురుగు లింఫు నాళాలను పాడుచేస్తుంది. పురుగు చచ్చినా వాపు ఉండిపోతుంది. ఆ వాచిన చర్మపు మడతల్లో, వ్రేళ్ళ సందుల్లో చిన్న పగులు ఉన్నా సూక్ష్మక్రిములు దూరి చలిజ్వరం తెస్తాయి. జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావవుతుంది. మందు మింగడం ఎంత ముఖ్యమో, రోజూ సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులు మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టుకోవడం, ఒరుసుకోని చెప్పు తొడగడం అంత ముఖ్యమని మేము రోజూ వార్డులో చెప్పేది ఇందుకే.

మరి ఏమి తొడగాలి? మా అభిప్రాయం సూటిగా చెబుతాము. బోదకాలు ఉన్నవారు, రెండు పాదాలు రెండు సైజుల్లో ఉన్నవారు దుకాణంలో వెతకడం మానండి. మోచీ దగ్గర కుట్టించుకోండి. కొలత సాయంత్రం తీయాలి, పొద్దంతా నడిచాక పాదం వాచి ఉంటుంది గనుక. పొద్దున కొలిచిన చెప్పు సాయంత్రానికి కరుస్తుంది. కాగితం మీద నిలబడి, బరువంతా మోపి, పెన్సిలు నిటారుగా పట్టుకుని చుట్టూ గీయించుకోవాలి. కూర్చుని గీస్తే కొలత తప్పుతుంది. రెండు పాదాలూ విడివిడిగా గీయాలి. అన్నిటికన్నా పొడవైన వ్రేలు ముందు బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ వదలాలి. తరువాత పాదం మీద లావుగా ఉన్నచోట, చీలమండ దగ్గర టేపుతో చుట్టుకొలత తీసి అదే కాగితం మీద రాయాలి.

చెప్పు లోపలి పొర ఎంసీఆర్ రబ్బరు కావాలి. బొటనవ్రేలితో, చూపుడువ్రేలితో నొక్కితే సుమారు సగానికి అణిగి, వదిలితే తిరిగి లేవాలి. కింద గట్టి సోలు, టైరు రబ్బరైనా సరే, తుమ్మ ముల్లు, చెరకు కొయ్యకాలు దిగకుండా ఉండాలి. పట్టీలు వెడల్పుగా, వెల్క్రోతో వదులు చేసుకునేట్టు, మడమ వెనుక కూడా ఒక పట్టీ. మేకులు ఒక్కటి కూడా వద్దు, కుట్టు లేక అతుకు మాత్రమే. స్పర్శ లేనివారు బొటనవ్రేలు సందున దూర్చే హవాయి చెప్పు తొడగనే కూడదు. అది కాలికి ఉండాలంటే వ్రేళ్ళతో పట్టి ఉంచాలి, జారిపోయినా తెలియదు. కొత్త చెప్పు మొదటి రోజు రెండు గంటలే వేసుకుని, తీసి, ఎక్కడైనా ఎర్రబడిందేమో ఇంట్లోవారితో చూపించుకోవాలి. ఎర్రదనం కాసేపటికి పోకపోతే ఆ చెప్పు తెచ్చి మాకు చూపించండి, కాలు అలవాటు పడుతుందిలే అని ఊరుకోవద్దు.

రాత్రి కావలికి, చెరకు కొట్టడానికి, పసుపు తవ్వడానికి పోయేవారు గంబూట్లు అడుగుతున్నారు. న్యాయమే. పాముకాట్లు ఎక్కువగా పడేది పాదం మీద, చీలమండ దగ్గరే. పాదం పెద్దదైనా ఆరోగ్యంగా ఉన్నవారు వెడల్పు గంబూటు, పొడవు మేజోళ్ళతో వేసుకోవచ్చు. మేజోడు తొడిగి బూటు చూసుకోండి, నిలబడి వ్రేళ్ళు కదపండి, ఏటవాలు నేల మీద దిగి చూడండి. దిగేటప్పుడు వ్రేళ్ళు ముందుకు గుద్దుకుంటే ఆ బూటు చిన్నది, ఎక్కేటప్పుడు మడమ లేస్తే పెద్దది. కొండలెక్కేవారు బూటు చూసుకునేదీ ఇట్లాగే. మన జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కి దిగింది గదా, అక్కడ బూటు కుదరకపోతే వ్రేళ్ళే పోతాయి. బోదకాలు వారికి మాత్రం గంబూటు వద్దు. లోపల చెమట పట్టి చర్మం నానుతుంది, పై అంచు పిక్కను కోస్తుంది. వీరికి ముందు భాగం వ్రేళ్ళ దాకా తెరుచుకునే, లేసులతో బిగించుకునే కాన్వాసు బూటు కుట్టించవచ్చు. మేము ఆ పెద్దాయనకు చివరికి కుట్టించింది అదే. చేతిలో టార్చి, కర్ర ఎట్లాగూ ఉండాలి. ఏ బూటైనా తొడిగే ముందు తలకిందులు చేసి దులపండి. తేలు ఉండవచ్చు, గులకరాయి ఉండవచ్చు. స్పర్శ లేని కాలికి రాయి కూడా తేలంత పని చేస్తుంది.

ఇప్పుడు కొందరికి నచ్చని మాట ఒకటి. మన ఆలయాల్లో గుమ్మం బయట చెప్పులు విడుస్తాము. మంచి అలవాటే, మోషే మండుతున్న పొద దగ్గర చెప్పులు విడిచిన సంగతి మనకు తెలుసు. కానీ స్పర్శ లేని పాదంతో ఎండకు కాలిన బండల మీద నడిచి వచ్చి, ఆరాధన అయ్యాక అరికాలంతా బొబ్బలతో సోమవారం మా దగ్గరకు వస్తున్నారు. ఇంకొందరు బోదకాలు పదిమందిలో బయటపడుతుందని ఆరాధనకే రావడం మానేశారు. ఈ రెండోది మాకు మరీ బాధ కలిగిస్తున్నది. పాదం చూపించడానికి సిగ్గుపడి ప్రభువు ఇంటికి రాలేకపోతే, శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు పేరు పెట్టుకున్న మనమేమి చెప్పుకోవాలి? డాక్టరు చెప్పులు వేసుకోమన్నవారు వాటిని గుమ్మం దగ్గర తడిగుడ్డతో తుడుచుకుని లోపలికి రావచ్చని పాస్టరు గారే వేదిక మీద నుంచి ఒక్కసారి చెబితే చాలు. వీలైతే లోపల తొడుక్కునే రెండో జత ఒకటి కుట్టించుకోవచ్చు. దీనికి కమిటీ తీర్మానం కావాలంటే వచ్చే కమిటీలోనే పెట్టండి. పెద్దలలో కొందరు "ఇది మొదలైతే అందరూ వేసుకుని వస్తారు" అన్నారు. అందరూ రారు. వచ్చినా చాప మాసిపోతుంది, అంతే.

చెప్పుల మూటల సంగతి కూడా మళ్ళీ అడుగుతాము. ఈసారి క్రిస్మస్‌కు వంద జతలకు బదులు యాభై జతలే కొనండి. మిగిలిన డబ్బుతో మీ ఊళ్ళో, మీ వాడలో సరిపడే చెప్పు దొరకని పాదాలు ఎవరివో కనుక్కుని వాటికి కుట్టించండి. బోధన్ వైపు సంఘాల్లో ఇటువంటివారు మాకు తెలిసే కొందరున్నారు. చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డ తరువాత కూలికి ఎక్కడికంటే అక్కడికి నడిచి పోయేవారు, ఉన్న చెప్పు అరిగితే అట్ట ముక్క పెట్టి లాగిస్తున్నారు. యౌవనస్థులు కాగితం, పెన్సిలు, టేపు పట్టుకుని సాయంత్రం పూట వారి ఇండ్లకు వెళ్ళండి. వాకిట్లో నలుగురి ముందు కాక, లోపల కూర్చుని కొలత తీయండి. పాదం ముట్టుకోవడానికి వెనుకాడకండి, బోదకాలు ముట్టుకుంటే అంటదు.

కాగితం మీద పేరు, ఊరు, ఏది కుడి ఏది ఎడమ, పుండు ఉంటే ఎక్కడ ఉందో రాసి ఆసుపత్రి ఓపీలో ఇవ్వండి. పుండు ఉన్నవారిని కాగితంతో కాదు, మనిషినే తీసుకురండి. చెప్పు తయారయ్యాక తొడిగి చూడడానికి ఒకసారి, పదిహేను రోజుల తరువాత ఇంకోసారి రావాల్సి ఉంటుంది. ఆ రెండోసారి రానివారే ఎక్కువ, కాబట్టి బస్సు ఛార్జీ కూడా లెక్కలో వేసుకుని చందా వసూలు చేయండి.