ఒక భాషయా, పలు భాషలా?

పులివెందులలో 2006లో ఇంజనీరింగు కళాశాల వెలసినది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పిల్లలకు కంప్యూటరు విద్య చేరువైనది. 1972 నాటి సి, 1991 నాటి పైథాన్, 1995 నాటి జావా... ప్రోగ్రాములు వ్రాయగోరువాడు వీనిలో ఒక్కదానినే సాధింపవలెనా, పెక్కు నేర్వవలెనా? ఒక్కదానినే నమ్ముకొన్నవాని బ్రతుకుతెరువు దాని గిరాకితో ముడిపడును. ఈ భయము నిరాధారము కాదు.

అయినను తొలుత ఒక్కటి లోతుగా నేర్చుటయే మేలు. షరతును బట్టి దారి మార్చుట, ఒక పనిని మరల మరల చేయించుట దాదాపు అన్ని భాషలలోను గలవు. వ్రాత తీరు మాత్రము మారును. ఆ కిటుకు ఒకచోట పట్టుబడినవానికి రెండవ భాష సులువు. పట్టుబడనివాడు నాలుగు భాషల పేర్లు వల్లించినను ఒక్క తప్పునైన వెదకి దిద్దలేడు. (ఉద్యోగపు దరఖాస్తులలో ఇట్టి పేర్లకు కొదువ లేదు!)

మనుష్యులు మాటలాడు భాషల సంగతియు ఇంచుమించు ఇంతే. ప్రొద్దుటూరున నివసించిన పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990) పదునాలుగు భాషలెరిగినవారని ప్రసిద్ధి. ఆయనకు పేరు తెచ్చిన 'శివతాండవము' తెలుగు కావ్యము. అట్లని ఆయన తెలుగుతోనే ఆగలేదు. విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర'ను మలయాళమునకు అందించిరి. రెండు భాషలును లోతుగా తెలియనిదే ఆ పని సాగెడిది కాదు.