కొత్త తీగలకు పాత తుప్పు



ఈ దిగువ విషయమునకు మీ లేఖల శీర్షికలో కొంచెము చోటు ఇప్పింప ప్రార్థన. విషయము చిన్నదే, గిటారు తీగలను గురించినది. అయినను డబ్బిచ్చి సరుకు కొనే ప్రతివారికిని సంబంధించినది గనుక వ్రాయుచున్నాను.

నేను మెట్రిక్యులేషను వరకు చదివి, ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. మా కుటుంబము మూడు తరములుగా బరంపురములోనే ఉన్నది. నా భార్య ఉన్నంతకాలము మా యింట వీణ మ్రోగెడిది. ఇప్పుడు పదమూడేండ్ల మనుమడు గిటారు నేర్చుకొనుచున్నాడు. పింఛను సొమ్ముతో వానికి ఆ వాద్యము కొని యిచ్చినది నేనే.

గడచిన వర్షాకాలములో వాడు కొత్త తీగలు వేసిన పది దినములకే, అన్నిటికంటె సన్ననిదైన మొదటి తీగ గరుకెక్కినది. వ్రేలితో తుడువగా గోధుమరంగు మరక అంటినది. మరి రెండు దినములకు శ్రుతి చేయుచుండగా పుటుక్కున తెగి వాని చెంపపై గీరినది. కన్ను తప్పినది, అంతే చాలును. కాని నేను వానినే కోపించితిని. "చేతులు కడుక్కోవు, చెమట తుడవవు, వస్తువంటే నీకు లెక్క లేదు" అని చాల మాటలంటిని. "కడుక్కునే వాయించాను తాతా" అని వాడు చెప్పినను నమ్మక, వారము దినములు వాద్యమును అటకపై పెట్టించితిని.

తరువాత నేనే బజారుకు పోయి మరియొక పొట్లము తెచ్చితిని. ఎవరిని ముట్టనీయక, కిటికీ వెలుతురున నా చేతితోనే విప్పితిని. రెండవ తీగపై అంగుళము మేర తుప్పు చుక్కలు! దానికి ఏ చేతి చెమటయు సోకలేదు. మనుమనిపై నేను మోపిన నేరము ఆ క్షణముననే కొట్టుపడిపోయినది.

దుకాణమునకు తీసుకొనిపోగా, "విప్పిన పొట్లం వెనక్కి పుచ్చుకోం బాబూ. ఇక్కడ సముద్రపు గాలి, మేమేం చేస్తాం?" అన్నారు. విప్పకుండ లోపలి తుప్పు ఎట్లు తెలియును?

సముద్రపు గాలి మాటలో కొంత నిజము లేకపోలేదు. గోపాల్‌పూర్ సముద్రము మాకు సుమారు 16 కిలోమీటర్ల దూరము. గాలిలోని ఉప్పు, వానకాలపు తేమ కలిసినచో ఉక్కు నిలువదు. ఇట్టి గిటారునకు ఆరు తీగలు. సన్నని తీగలు రెండును వట్టి ఉక్కు, పైన పలుచని తగరపు పూత. తక్కిన నాలుగింటికి లోపల ఉక్కు, పైన కంచు చుట్టు. కంచు నల్లబడును, చిలుము పట్టును, నాదము మందగించును. కాని ఉక్కు తీగ సంగతి వేరు. మొదటి తీగ మందము మిల్లీమీటరులో సుమారు నాలుగవ వంతు. శ్రుతిలో ఉన్నప్పుడు దానిపై 7 కిలోల వరకు బిగువు ఉండును. పూత లేచినచోట తుప్పు కొరికినచో అక్కడనే తెగును.

అయినను గాలిని నిందించి చేతులు దులుపుకొనుట న్యాయము కాదు. గాలి చొరకుండ మూసిన పొట్లములలో తీగలు అమ్మువారును ఉన్నారు. నేను కొన్నది వట్టి కాగితపు కవరు. దానిపై ధర ఉన్నది గాని తయారైన నెల, సంవత్సరము లేవు. అది ఎన్ని వర్షాకాలములు చూచినదో ఎవరు చెప్పగలరు? పొట్లపు సరుకులకు సంబంధించిన 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనల ప్రకారము తయారీదారు పేరు, చిరునామా, కాలము, గరిష్ఠ ధర, ఫిర్యాదునకు ఫోను నంబరు ముద్రింపవలసి యున్నది. బియ్యము, నూనె పొట్లములను తనిఖీ చేయు అధికారులు వీనిని కూడ ఒకపరి చూడవలెను.

మరియొక సంగతి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము లోపమున్న సరుకును వెనుకకు పుచ్చుకొని సొమ్ము ఇయ్యకుండుట అన్యాయపు వ్యాపారమే. బిల్లులో గడువు వ్రాసి యుండనిచో 30 దినములు గడువు. బిల్లు ఇయ్యకుండుటయు తప్పే. కాగితముల నడుమ బ్రతికినవాడను గనుక నేను బిల్లు అడిగి పుచ్చుకొంటిని. మరునాడు దానితో పోయి, తగవు పడక, ఈ సంగతి నిదానముగా చెప్పితిని. దుకాణదారు మరియొక పొట్లము ఇచ్చెను. బల్లపైననే విప్పి చూడగా అందులోను చుక్కలే! మూడవది బాగున్నది. "మాకు పైనుంచి వచ్చేదే ఇలా వస్తోంది" అని ఆయనయు చిన్నబుచ్చుకొన్నాడు. తప్పంతయు చిల్లర వర్తకునిది కాదని నాకు తోచినది. కాని అట్టి సరుకును పైవారికి త్రిప్పిపంపవలసినది ఆయనయే గదా!

కావున కొనువారికి నా మనవి. తీగలు దుకాణములోనే విప్పించి చూడుడు. బిల్లు తప్పక పుచ్చుకొనుడు. న్యాయము జరుగనిచో 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. 5 లక్షల లోపు సొమ్మునకు జిల్లా వినియోగదారుల కమిషనులో రుసుము లేదు.

ఇంటి జాగ్రత్తయు అవసరమే. నా భార్య వీణ వాయించునపుడు నూనెలో తడిపిన దూదిని దగ్గర ఉంచుకొనెడిది. గిటారు చుట్టు తీగలకు నూనె తగిలినచో నాదము చచ్చును. వాయించిన పిమ్మట పొడి గుడ్డతో తుడిచిన చాలును. అదనపు తీగలను మూతగల డబ్బాలో, మందు సీసాలలో వచ్చు తేమ పీల్చు పొట్లములతో దాచవలెను.

ఇక తాతలకొక్క మాట. తాతలు మనుమలకు క్షమాపణ చెప్పుట మా యింట వాడుక లేదు. నేను చెప్పితిని. వాడు నవ్వి, మంచి తీగను నాచేతనే బిగింపించినాడు. సరుకులోని లోపమునకు పిల్లలను దండింపక ముందు, పొట్లమును ఒకసారి వెలుతురున విప్పి చూచుట మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బరంపురం (గంజాం జిల్లా, ఒడిశా)