తెలియని భాషలో తెలియజేయుట

ప్రత్తిమిల్లులో పనిచేయు స్త్రీ యొకతె యీనడుమ మాకడకు వచ్చి, పైయధికారి తనపట్ల చేసిన అసభ్యచేష్టలను జెప్పుకొన్నది. అప్పటికి ఏడు మాసములు గడచినవి. ఫిర్యాదునకు చట్టమిచ్చిన గడువు మూడు మాసములు. తగిన కారణమున్నచో మఱి మూడు. ఇన్నాళ్లేల ఊరకుంటివమ్మా యని యడుగగా, చెప్పుకొనుట కొక కమిటీ యున్నదని తన కెవ్వరును జెప్పలేదనెను. యజమానిని ప్రశ్నించితిమి. అరువదిపుటల ఆంగ్లపుస్తక మొకటి మా ముందుంచి, కడపటిపుటలో ఆమె తెలుగున చేసిన వ్రాలును జూపెను. పుస్తకములో కమిటీ యున్నది, గడువున్నది, అప్పీలున్నది. ఆమె చదువగల అక్షర మొక్కటియు లేదు.

పనిచోట స్త్రీల రక్షణకై సుప్రీముకోర్టు 1997లో విశాఖ వ్యాజ్యమున ఆదేశము లిచ్చెను. ఈ విశాఖ మన పట్టణము గాదు, రాజస్థానమందలి మహిళాసంస్థ. పదునాఱేండ్లకు, 2013లో, పార్లమెంటు చట్టము చేసెను. కమిటీ నియామకపుటుత్తరువును, తప్పుచేసినవారికి గలుగు శిక్షను ఎల్లరకు గనబడుచోట ప్రదర్శింపవలెనని అందలి 19వ సెక్షను. ఏ భాషలోనో చెప్పలేదు. ఆ మౌనమే యజమానులకు వరమైనది.

1946లో, పరులింకను మనల నేలుచుండగా వచ్చిన స్టాండింగు ఆర్డర్ల శాసన మిట్లు మౌనము వహింపలేదు. నిబంధనలను ఆంగ్లమునను, పనివారిలో అధికసంఖ్యాకుల కర్థమగు భాషలోను వ్రాయించి, వారు లోనికి వచ్చు ద్వారముకడ బల్లపై నంటింపుమని యజమానికి విధించెను. పరప్రభుత్వమునకు తోచిన యీ చిన్నమాట స్వతంత్రభారత శాసనకర్తల కేల తోపకపోయెను?

అనువదించిన అర్థము చెడునని కంపెనీ వకీళ్లు సెలవిత్తురు. మేమును ఆ వృత్తిలోనివారమే. ఈ వాదపు బలమెంతో యెఱుగుదుము. పనివారు కావలెనని గోడల కంటించునపుడు తెలుగు చక్కగా వచ్చును. ఆలస్యముగ వచ్చిన కూలి కోయుదుమను బోర్డును తెలుగే. హక్కు చెప్పవలసినచోటనే కాబోలు, మన భాష చాలకుండుట!

చట్టము నమలుపఱుపని యజమానికి ఏబదివేల రూపాయలవఱకు జుల్మానా కలదు. ఆంగ్లపుస్తకము చేతబెట్టినవా డమలుపఱచినవాడేనా? 19వ సెక్షనులో భాషను గూర్చిన వాక్యము చేర్పవలెను. తనిఖీకి వచ్చు అధికారి మేనేజరు నడుగుటగాక, మగ్గములకడ నున్నవారి నడుగవలెను. ఫిర్యాదు వ్రాయలేనివారికి వ్రాయుటలో సాయపడుమని యదే చట్టము చెప్పుచున్నది. చదువలేనివారికి చదివి వినిపింపుమనుట కడ్డేమి?

ఆమె ఫిర్యాదును గడువు దాటినదని కమిటీ త్రోసివేసినది. పోలీసుల మార్గ మింకను గలదంటిమి. ఆమె దానికి జంకుచున్నది. ఆ యధికారి నేటికిని ఆ షెడ్డులోనే యున్నాడు.