అప్పలరాజంటే నవ్వెందుకు?

హాజరు పిలిచేటప్పుడు అప్పలరాజు, పైడితల్లి, పెంటయ్య అనగానే వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. మిత్రులారా, ఆ నవ్వు నాకు నచ్చదు.

మన ఉత్తరాంధ్రలో పేరు చెబితే ఊరు తెలుస్తుంది. అప్పలనాయుడు, అప్పలనరసమ్మ సింహాచలం అప్పన్న పేరిటివాళ్లు. పైడిరాజు, పైడమ్మ విజయనగరం పైడితల్లి పేరిటివాళ్లు. నూకరాజంటే అనకాపల్లి నూకాలమ్మకి మొక్కిన మొక్కు. సింహాచలం అన్న పేరైతే మగపిల్లలకీ ఆడపిల్లలకీ కూడా పెడతారు.

ఇక పెంటయ్య సంగతి. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతూంటే, తర్వాతి బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని, మృత్యువు కన్ను పడకూడదని ఆ పేరు పెట్టేవారు. పేరు మోటుదే గాని, దాని వెనక ఉన్నది కన్నతల్లి భయం. మనదేశంలో మశూచి 1975లో ఆగింది. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. టీకాలొచ్చి పిల్లలు బతుకుతూంటే ఇలాంటి పేర్ల అవసరమూ తగ్గింది. సైన్సు విద్యార్థులం మనమే ఆ పేరు విని నవ్వితే ఎలా? చేలో గత్తం వేసినవాణ్ణి గనక ఇంకో మాట చెబుతాను: పెంట లేనిదే పంట లేదు.

కొత్త పేర్లు వద్దనను. ఇష్టమై మార్చుకుంటే సరే. నవ్వులకి జడిసి మార్చుకోవద్దు. రేపు పోర్టులోనో, స్టీల్‌ప్లాంటులోనో ఉద్యోగమొస్తే బల్లమీద బోర్డు "ఎ. రాజు" అని కాదు, "అప్పలరాజు, బి.ఎస్సీ." అని పూర్తిగా రాయించుకుందాం.