పన్నెండు ఇళ్ల బొంత

మీ బీరువా అడుగు అరలో జాకెట్టు ముక్కలు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? శ్రావణమాసం పేరంటంలో ఒకరు పెట్టినవి, గృహప్రవేశంలో ఇంకొకరు పెట్టినవి, వాటిలో మనం మళ్లీ ఎవరికో పెట్టేసినవి పోగా మిగిలినవి... కొన్ని ముక్కలైతే ఊరంతా తిరిగి మళ్లీ మన ఇంటికే వచ్చి చేరతాయి. నవ్వకండి, అందరిళ్లలోనూ జరిగేదే! వాటికి తోడు టైలరు దగ్గర మిగిలిన కత్తిరింపులు, అమ్మాయి చిన్నప్పటి పరికిణీ, మెత్తబడిపోయినా పారేయడానికి మనసొప్పని నేతచీర. ఈ వారం మన కుట్టుపని ఆ మూటతోనే.

అయితే ఈసారి మీరొక్కరే కూర్చుని కుట్టే పని కాదు. నలుగురూ కలిసి కుట్టి, ఒకరివి ఒకరు పంచుకునే పని. అమెరికాలో కుట్టు సరదా ఉన్న ఆడవాళ్లు ఇలా 'బ్లాకులు' మార్చుకుని క్విల్ట్‌లు కుట్టుకుంటారు. క్విల్ట్ అంటే ఏమిటో అనుకునేరు, మన బొంతకి అక్క వరసే. పైన రంగురంగుల చదరాలు కలిపి కుట్టిన గుడ్డ, మధ్యలో పల్చని దూది పొర, కింద అస్తరు. మూడింటినీ కలిపి కచ్చాకుట్టు వేస్తారు. పైగుడ్డలో ఉండే ఒక్కో చదరమే బ్లాకు.

మన బొంతకీ దానికీ తేడా

మన బొంత సంగతి మీకు తెలిసిందే. నాలుగైదు పాతచీరలు ఒకదానిమీద ఒకటి పరిచి, అంచులు మడిచి, వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోతాం. చిరిగినచోట ఇంకో ముక్క అతుకుతాం. ఆ ముక్క చదరంగా ఉందా, వంకరగా ఉందా అని ఎవరూ టేపు పెట్టి చూడరు. చీరలూ మనవే, కుట్టేదీ మనమే, కప్పుకునేదీ మన పిల్లలే. కాస్త వంకర పోతే మన ఇంట్లోనే కదా!

పదిమంది చేతుల్లోంచి వచ్చే బ్లాకులకి అలా కుదరదు. ఒకరిది పెద్దదై, ఒకరిది చిన్నదైతే పక్కపక్కన నిలవవు.

ఈ సరదా ఇప్పటిది కాదు. 1840ల్లోనే అమెరికా తూర్పు రాష్ట్రాల్లో బాగా పాకింది. స్నేహితురాళ్లూ, బంధువులూ తలా ఒక బ్లాకు కుట్టి, దానిమీద చెరగని సిరాతో పేరు రాసి ఇచ్చేవారు. కొందరు ఊరు, తేదీ కూడా రాసేవారు. ఆ రోజుల్లో బాల్టిమోర్ నగరంలో పూలబుట్టలూ, దండలూ గుడ్డతో కత్తిరించి అతికిన క్విల్ట్‌లు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. కొత్త భూములు వెతుక్కుంటూ పడమటికి బళ్లు కట్టుకుని వెళ్లిన కుటుంబాల ఆడవాళ్లు ఈ పేర్ల క్విల్ట్‌లను వెంట తీసుకెళ్లేవారు. వాళ్లలో చాలామంది పుట్టింటివాళ్లని మళ్లీ చూడనే లేదు. రాత్రి చలికి కప్పుకున్న దుప్పట్లో అక్క పేరు, పక్కింటి పిల్ల పేరు చేతికి తగులుతుంటే ఎలా ఉండేదో మీరే ఊహించండి.

మనం సంక్రాంతికి పత్రికల్లో వచ్చే ముగ్గులు కత్తిరించి దాచుకోమూ? అలాగే కాన్సాస్ సిటీ స్టార్ అనే దినపత్రిక 1928 నుంచి 1961 దాకా బ్లాకుల నమూనాలు అచ్చువేస్తే అక్కడి గృహిణులు కత్తిరించి దాచుకున్నారు. వాటిలో ఎన్నో పాఠకురాళ్లు పంపినవే.

ఇంకొక్క సంగతి చెప్పి పనిలోకి వస్తాను. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో ఒక పెద్ద మైదానం నిండా 1,920 గుడ్డపలకలు పరిచారు. ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లమీద వాళ్ల ఆత్మీయులు కుట్టినవి అవి. ఏ ఇద్దరి గుడ్డా ఒకటి కాదు, ఏ ఇద్దరి కుట్టూ ఒకటి కాదు. కొలత మాత్రం అందరిదీ ఒకటే: 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. అందుకే అవన్నీ ఒకదాని పక్కన ఒకటి చేరగలిగాయి.

తొమ్మిది గళ్ల బ్లాకు

మొదటిసారి కుట్టేవాళ్లకి ఇంతకన్నా తేలికైంది లేదు. వరసకి మూడు చొప్పున తొమ్మిది చదరాలు. నాలుగు మూలలకి ఒక రంగు, వాటి మధ్య నాలుగింటికి ఇంకో రంగు, నట్టనడుమ ఒకటి మీకిష్టమైనది.

పెళ్లి శుభలేఖ అట్ట మందంగా ఉంటుంది కదా, దానిలోంచి సరిగ్గా 4½ అంగుళాల చదరం కత్తిరించుకోండి. అదే మీ కొలత అట్ట. దాన్ని గుడ్డమీద పెట్టి పెన్సిలుతో గీసి, గీతమీదే కత్తిరించండి. రెండేసి చదరాలు మంచివైపులు లోపలికి వచ్చేలా కలిపి, పావు అంగుళం మార్జిన్ వదిలి కుట్టండి. ముందు మూడు వరసలు కుట్టుకుని, తర్వాత వరసల్ని కలపండి. ప్రతి కుట్టుకీ ఇస్త్రీ చేయండి. అయ్యాక బ్లాకు 12½ అంగుళాలు ఉండాలి. చుట్టూ మార్జిన్ పోగా బొంతలో 12 అంగుళాలు తేలుతుంది.

పన్నెండు బ్లాకులకి ఎంత గుడ్డ కావాలంటారా? 36 అంగుళాల పన్నా గుడ్డ అయితే మూలలకి ఒక మీటరు, మధ్యవాటికి ఒక మీటరు, నట్టనడుమ చదరాలకి పావు మీటరు సరిపోతుంది. ఒకే గుడ్డ లేకపోతే రెండు మూడు జాకెట్టు ముక్కలు కలిపి వాడుకోవచ్చు.

పంపకం లెక్క ఇది. పన్నెండుమంది చేరితే ఒక్కొక్కరూ ఒకే రకంవి పన్నెండు బ్లాకులు కుట్టాలి. ఒకటి తమకి ఉంచుకుని పదకొండు పంచాలి. తిరిగి పదకొండు వస్తాయి. ఆరుగురే ఉంటే తలా రెండేసి ఇచ్చుకోవాలి. ఎలా చూసినా చివరికి అందరి చేతికీ పన్నెండు బ్లాకులు. అడ్డం మూడు, నిలువు నాలుగు పేరిస్తే 3 అడుగులు, 4 అడుగులు వస్తుంది. చుట్టూ 6 అంగుళాల అంచు వేస్తే 4 అడుగులు, 5 అడుగులు. మనవడికి కప్పడానికి భేషుగ్గా ఉంటుంది.

పావు అంగుళం దగ్గర మాత్రం జాగ్రత్త. అంగుళంలో పదహారో వంతుని మన పెద్దవాళ్లు వీసం అనేవారు. ప్రతి ముక్క దగ్గరా మార్జిన్ వీసం ఎక్కువ పోయిందనుకోండి, ఒక్క బ్లాకులో పావు అంగుళం తగ్గిపోతుంది. నాలుగు బ్లాకుల వరసలో అంగుళం! అందుకే ముందు ఒక్క బ్లాకు కుట్టి, టేపు పెట్టి చూసుకుని, తర్వాతే మిగతావి మొదలుపెట్టండి.

నేను చేసిన పొరపాటు

ఇదంతా నేను నేర్చుకున్నది అమ్మాయి పురుడికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉన్నప్పుడు. పక్కింటావిడ, డెబ్బై ఏళ్ల మనిషి, నెలకోసారి ఊరి లైబ్రరీలో కుట్టుపనికి చేరే పన్నెండుమందిలోకి నన్ను కూడా లాక్కెళ్లింది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా సూది చేతిలో ఉంటే భాష వెతుక్కోనక్కర్లేకపోయింది.

నేను ఇండియానుంచి పట్టుకెళ్లిన జాకెట్టు ముక్కలే తీశాను. పసుపు మూలలకి, ఆకుపచ్చ మధ్యలకి, బొట్టు పెట్టినట్టు నట్టనడుమ ఎర్రది. కొలత వీసం కూడా తప్పలేదు. అందరూ ముచ్చటపడి తీసుకున్నారు. నేనూ కాస్త గర్వపడ్డానని ఒప్పుకోవాలి.

పది రోజుల తర్వాత మిగిలిన ఎర్రగుడ్డతో పాపకి మెడగుడ్డ కుట్టి, తెల్లచొక్కాలతో కలిపి ఉతికాను. చొక్కాలన్నీ గులాబీరంగుకి తిరిగాయి. నా గుండె జారిపోయింది. ఆ ఎరుపు అప్పటికే పదకొండు ఇళ్లకి చేరిపోయింది. నెలల తరబడి చేత్తో కుట్టుకునే దుప్పట్లు అవి. కుట్టడం పూర్తయ్యాక మొదటిసారి నీళ్లలో వేస్తే, నా ఒక్క చదరం చుట్టూ ఉన్నవాళ్లందరి బ్లాకులకీ మరకలే.

నా ప్రయాణం ఇంకా పదహారు రోజులే ఉంది. వాళ్లు మళ్లీ చేరేది నేను వచ్చేశాకే. "వదిలెయ్ అమ్మా, వాళ్లేమీ అనుకోరులే" అంది అమ్మాయి. నిజమే, నేను ఊరు దాటాక నన్నడగడానికి ఎవరొస్తారు? ఆ రాత్రి ఆ మాటే ఎన్నిసార్లు అనుకున్నానో! అనుకున్నకొద్దీ నిద్ర దూరమైంది. తెల్లారగానే గులాబీరంగు చొక్కా ఒకటి పట్టుకుని పక్కింటావిడ తలుపు కొట్టాను. ఇంగ్లీషు వెతుక్కునే పని లేకపోయింది, ఆ చొక్కా చూడగానే ఆవిడకి అర్థమైపోయింది.

ఆవిడే అందరికీ ఫోన్లు చేసి తన ఇంటికి పిలిచింది. అందరూ నవ్వుతూ వచ్చారని చెప్పను. ఒకావిడ అప్పటికే పన్నెండు బ్లాకులూ కలిపి కుట్టేసింది. ముఖం ముడుచుకుంది. ఆవిడ స్థానంలో నేనున్నా అంతే. నేను కొత్త ఎర్రగుడ్డ కొని, వేడినీళ్లలో నానబెట్టి చూసి తెచ్చాను. నడి వరస విప్పి, పాత ఎరుపు తీసి, కొత్తది కుట్టడం మొదలుపెట్టాను. కలిపి కుట్టేసిన ఆవిడది మాత్రం నడుమ చదరం చుట్టూ విప్పి చేత్తోనే కూర్చాను. కాసేపటికి ఇద్దరు ముగ్గురు విప్పడంలో సాయం పట్టారు. ఆ ముఖం ముడుచుకున్నావిడే తన సంచీలోంచి నీలంగుడ్డ ముక్క తీసి, "నాకు నడుమ ఇది పెట్టు" అంది. ఇంకో ముగ్గురు కూడా తమ గుడ్డలే తెచ్చుకున్నారు. మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఇప్పుడు ఆ నాలుగిళ్లలో నా బ్లాకుకి బొట్టు వాళ్లదే.

నాకు వచ్చిన పన్నెండు బ్లాకుల్లో పక్కింటావిడది ఒక మూల కొంచెం వంకర. చూపు మందగించింది పాపం. కొలత మాత్రం సరిగ్గా 12½. అది నా బొంతలో చక్కగా ఇమిడిపోయింది. వంకర కుట్టు ఎవరి బొంతనీ పాడుచేయదు. చక్కని కుట్టే అయినా రంగు వదిలే గుడ్డ మాత్రం పదకొండు ఇళ్లు పాడుచేస్తుంది. మన ఇంటి బొంతలో తప్పు మన ఇంట్లోనే ఉంటుంది. పంచుకునే బొంతలో అది గడప దాటుతుంది.

గుర్తుంచుకోవలసినవి

* అన్నీ నూలు గుడ్డలే తీసుకోండి. నైలెక్సూ, నూలూ కలిపితే ఇస్త్రీ దగ్గరే పేచీ వస్తుంది.

* కత్తిరించకముందే ఉతికి ఆరేయండి. గుడ్డ ముడుచుకునేదంతా అప్పుడే ముడుచుకుపోతుంది.

* రంగు పరీక్షకి గ్లాసుడు వేడి సబ్బునీళ్లలో గుడ్డముక్కనీ, తెల్లముక్కనీ కలిపి అరగంట ఉంచండి. తర్వాత ఆ తడిముక్కని తెల్ల జేబురుమాలు మీద పెట్టి ఇస్త్రీ చేయండి. ఎక్కడ రంగు అంటినా ఆ గుడ్డ పక్కన పెట్టేయండి.

* ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని మనలో చాలామందికి నమ్మకం. ఆ నమ్మకం మీద ఇంకొకరి బొంతని పణం పెట్టకండి.

* కొలత, గుడువు, గుడ్డ రకం ముందే కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి. రంగులు ఎవరి ఇష్టం వాళ్లది.

* కొలత తగ్గిన బ్లాకు వస్తే నొప్పించకుండా వెనక్కిచ్చి, కూర్చుని కలిసి సరిచేయండి. కుట్టు వంకరైతే మాత్రం మాట్లాడకుండా తీసుకోండి.

* మూలగా కాడకుట్టుతో పేరు, సంవత్సరం కుట్టండి. బాల్ పెన్నుతో రాస్తే ఉతుకులో అలుక్కుపోతుంది.

ఇక్కడికి వచ్చాక మా అపార్ట్‌మెంటులో ఆరుగురం మొదలుపెట్టాం. ఒకరిది మంగళగిరి, ఒకరిది పోచంపల్లి, ఒకరిది పెడన అద్దకం. పైఅంతస్తు పిన్నిగారు పోయిన అత్తగారి నారాయణపేట చీర కత్తిరించడానికి రెండు వారాలు తటపటాయించి, చివరికి తనే కత్తెర అందుకున్నారు. ఇప్పుడు ఆ చీర ఆరిళ్లలో ఉంది.

మీ వీధిలోనూ ఐదుగురు దొరక్కపోరు. వచ్చే పేరంటంలో కదిపి చూడండి. ఈలోగా ఆ బీరువా అడుగు అర తెరిచి, ముందు ఎర్రముక్కల్ని వేడినీళ్లలో వేయండి.