కుందేలుకు మూడు తరాల పట్టిక.. ఒంగోలు గిత్తకు నోటిమాట!

పశు ప్రదర్శనల్లో రూపానికే పట్టం
నమోదుకు నోచుకోని వంశ చరిత్ర

ఒంగోలు: సంక్రాంతి మొదలు శ్రీరామనవమి తిరునాళ్ల వరకు ప్రకాశం, గుంటూరు, నెల్లూరు ప్రాంతాల పల్లెల్లో ఒంగోలు జాతి పశువులదే సందడి. నూనె రాసిన కొమ్ములతో, మెడలో మువ్వల పట్టెడలతో గిత్తలు బరిలోకి దిగుతుంటే జనం ఎగబడి చూస్తారు. న్యాయనిర్ణేతలు ఒక్కో పశువు చుట్టూ తిరిగి మేని రంగు, మూపురం, గంగడోలు, కొమ్ములు, నడక పరిశీలిస్తారు. గెలిచిన గిత్త ధర ఆ సాయంత్రానికే పెరుగుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఆ గిత్త తండ్రి ఏ ఆబోతు, తల్లి ఈతకు ఎన్ని పాలిచ్చింది, దానికి పుట్టిన దూడలు ఎలా ఎదిగాయి అని అడిగితే చాలాచోట్ల దొరికేది నోటిమాట సమాధానమే. రూపానికి దక్కుతున్న గౌరవం వంశ చరిత్రకు దక్కకపోవడమే నేడు ఈ జాతికి పెద్ద లోటుగా పరిణమించింది.

రంగు వెనుక ప్రయోజనం

ఒంగోలు పశువుకు తెల్లని మేను ఊరికే రాలేదు. గుండ్లకమ్మ, మూసీ నదీ తీరాల మండుటెండల్లో తరతరాలుగా నిలిచిన జాతి ఇది. పైన తెల్లని వెంట్రుక ఎండను తిప్పికొడుతుంది. దాని కింద ఉండే నల్లని చర్మం సూర్యకిరణాల హానిని అడ్డుకుంటుంది. ముట్టె, కంటి రెప్పలు, గిట్టలు, తోక కుచ్చు నల్లగా ఉండాలని పెద్దలు పట్టుబట్టడంలోని ఆంతర్యం కూడా ఇదే. లేత రంగు ముట్టె చర్మంలో నలుపు కొరవడిందనడానికి గుర్తు. యుక్తవయసు మగ పశువుల్లో తల, మెడ, మూపురం బూడిద ఛాయకు తిరగడం సహజ లక్షణం. కాబట్టి రంగు చూసి పశువును ఎంచడం తప్పు కాదు. రంగుతోనే ఎంపిక ఆగిపోవడం తప్పు.

కొన్ని దూడలు పుట్టినప్పుడు గోధుమ ఛాయతో ఉండి ఎదిగేకొద్దీ తెల్లబడతాయి. అరుదుగా ఎరుపు లేదా ఎరుపు మచ్చలు నిలిచిపోయే పశువులూ ఉంటాయి. తల్లిదండ్రులు రెండూ తెల్లవైనా, లోపల దాగిన లక్షణం రెండు వైపుల నుంచీ కలిస్తే ఇలాంటి దూడ పుట్టవచ్చు. అది తల్లి తప్పు కాదు, కలుషిత రక్తానికి రుజువూ కాదు. అయినా ప్రదర్శనకు పనికిరాదన్న ఒకే కారణంతో అలాంటి పెయ్యను తక్కువ ధరకు వదిలించుకునే రైతు, దానితోపాటు దాని తల్లి పాల గుణాన్నీ దొడ్డి దాటిస్తున్నాడు.

నాగలి పోయింది.. బరి మిగిలింది

ట్రాక్టరు రాకముందు ఈ జాతికి పరీక్ష పొలంలోనే జరిగేది. నల్లరేగడిలో పొద్దంతా దుక్కి దున్నిన ఎద్దు, ఏటా చూడి కట్టి దూడకు పోను ఇంటికి పాలిచ్చిన ఆవు వాటంతటవే ఎంపికయ్యేవి. బలహీనమైన పశువు సంతతి దానంతటదే తగ్గిపోయేది. ఆ పరీక్షకు పుస్తకం అక్కరలేదు. ఊరందరి కళ్లూ సాక్ష్యమే.

నేడు దుక్కి పని యంత్రం పాలైంది. పాల అవసరం గేదెలు, సంకర జాతి ఆవులు తీరుస్తున్నాయి. ఒంగోలు ఆవు ఈతకు ఇచ్చే పాలు సాధారణంగా 600 నుంచి 1,000 కిలోల మధ్యనే ఉంటాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో విదేశీ, సంకర జాతి పశువులు అంతకుముందు లెక్కతో పోలిస్తే 26.9 శాతం పెరగగా, దేశవాళీ పశువులు 6 శాతం తగ్గాయి. ఈ నేపథ్యంలో ఒంగోలు జాతిని మేపేందుకు రైతుకు మిగిలిన ప్రోత్సాహం బండలాగుడు పందెం, అందాల పోటీ మాత్రమే. ఏళ్ల తరబడి పొలంలో సాగిన పరీక్ష ఒక సాయంత్రం బరిలోకి కుదించుకుపోయింది.

బరిలో చూడగలిగేది కంటికి కనిపించే గుణాన్నే. పాలిచ్చే గుణం గిత్త ఒంటిపై కనిపించదు. కానీ దానికి పుట్టే పెయ్యకు సంక్రమించే లక్షణాల్లో సగం ఆ గిత్తవే. గిత్త తల్లి ఎన్ని పాలిచ్చింది, దాని కూతుళ్లు ఎన్ని ఇస్తున్నాయి అన్న లెక్క లేకుండా పాల సంగతి తేల్చడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా సాధ్యం కాదు.

ఒకే ఆబోతు.. అదే మంద

బహుమతి పొందిన గిత్తకు గిరాకీ పెరగడం సహజం. చుట్టుపక్కల గ్రామాల ఆవులన్నీ దానివద్దకే చేరతాయి. ఇక్కడే మరో ముప్పు పొంచి ఉంది. ఒంగోలు పెయ్య తొలి ఈతకు సుమారు నాలుగేళ్లు పడుతుంది. అంటే మూడేళ్ల ప్రాయానికే ఎదకు వస్తుంది. ఒకే ఆబోతు నాలుగైదేళ్లు ఒకే ఊరిలో ఉంటే అది తన కూతుళ్లనే దాటే పరిస్థితి తలెత్తుతుంది. అలా పుట్టిన దూడలో రక్తసంబంధపు కలయిక పాళ్లు 25 శాతానికి చేరతాయని జన్యు శాస్త్రం లెక్క చెబుతోంది. చూడి నిలవకపోవడం, దూడలు బలహీనంగా పుట్టడం, దాగి ఉన్న లోపాలు బయటపడటం వంటి నష్టాలకు ఇది దారి తీస్తుంది. తండ్రి ఎవరో రాసి ఉంటే తప్పించుకోగల నష్టమిది.

పుంగనూరు ఆవుల విషయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తోంది. 2024 సంక్రాంతికి ప్రధాని నివాసంలో ఈ పొట్టి ఆవుల చిత్రాలు వెలువడిన తరువాత వాటిపై మోజు దేశమంతా పాకింది. ఎంత పొట్టిగా ఉంటే అంత ధర అన్నట్లుగా బేరాలు సాగుతున్నాయి. పొట్టితనం కోసం దేనితో దేనిని జత కట్టారో తెలిపే పత్రం అడిగే కొనుగోలుదారులు అరుదు.

కుందేళ్లు చెప్పే పాఠం

ప్రదర్శన కోసం జంతువులను పెంచడం మనకే ప్రత్యేకం కాదు. ఇంగ్లండ్, అమెరికాల్లో కుందేళ్లకు సైతం సంఘాలు, పోటీలు ఉన్నాయి. ఒక్కో జాతికి బొచ్చు రంగు, చెవుల తీరు, తల ఆకారం ఎలా ఉండాలో ప్రమాణాలు రాసిపెట్టారు. ఆ మోజు తెచ్చిన కీడు కూడా తక్కువేమీ కాదు. బొమ్మల్లా ఉండే మరుగుజ్జు కుందేళ్లలో పొట్టితనం కలిగించే జన్యువు తల్లిదండ్రుల నుంచి రెండు ప్రతులుగా వస్తే ఆ పిల్ల పుట్టిన కొద్ది రోజులకే మరణిస్తుంది. అలాంటి రెండింటిని జత కడితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి ఇలా పోతుంది. వాలు చెవుల కుందేళ్లలో చెవి నాళం ఇరుకై బాధ పెట్టడం ఎక్కువని 2019లో ఇంగ్లండ్‌లో వెలువడిన అధ్యయనం తెలిపింది.

అయితే ఆ పెంపకందారుల నుంచి నేర్వదగినదీ ఒకటి ఉంది. అమెరికా కుందేళ్ల పెంపకందారుల సంఘంలో ఒక కుందేలును నమోదు చేయాలంటే మూడు తరాల వంశ పట్టిక చూపాలి. తల్లిదండ్రులు, తాతమ్మలు, ముత్తాతల వివరాలు అందులో ఉండాలి. చేతిలో ఇమిడే కుందేలుకు అక్కడ ఇంతటి పట్టిక ఉండగా, లక్షల రూపాయలు పలికే ఒంగోలు గిత్తకు ఇక్కడ నోటిమాటే ఆధారం కావడం ఆలోచించాల్సిన విషయం.

బ్రెజిల్ చేసిన పని

ఈ జాతి విలువ తెలిసిన దేశం బ్రెజిల్. 19వ శతాబ్దం నుంచి అక్కడికి తరలిన ఒంగోలు పశువుల సంతతి 'నెలోర్' పేరుతో విస్తరించింది. 1960వ దశకం తొలి ఏళ్లలో ఒంగోలు సమీపంలోని కరవది గ్రామం పేరుతో వెళ్లిన ఆబోతు అక్కడి మందలకు మూలపురుషుల్లో ఒకటిగా నిలిచింది. 2023లో వయాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటాను వేలం వేయగా, మొత్తం ఆవు విలువ సుమారు 43 లక్షల డాలర్లుగా తేలింది. అప్పటి మారకం ప్రకారం అది రూ.35 కోట్లకు పైమాటే. వేలంలో అత్యంత ఖరీదైన ఆవుగా అది గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది.

ఆ ఆవూ ప్రదర్శనల్లో గెలిచినదే. కానీ దాని ధర కేవలం తెలుపుకు, మూపురానికి పలికినది కాదు. అక్కడ నమోదైన పశువుకు వంశ పట్టిక ఉంటుంది. దూడల బరువులు తూచి రాస్తారు. మచ్చల నెలోర్‌కు, కొమ్ములు లేని నెలోర్‌కు కూడా చోటు కల్పించారు. అక్కడా లోపాలు లేకపోలేదు. కొద్దిపాటి ఆబోతుల రక్తమే మందలన్నింటా పారుతుండటం వారికీ సవాలే. అయితే లెక్క రాసి ఉన్నందున ఆ సంగతి వారికి తెలుసు.

మార్గం చేతిలోనే

ఇక్కడ సాధనాలు లేవని చెప్పడానికి వీల్లేదు. కేంద్ర పశు నమోదు పథకం కింద దేశంలో ఏర్పాటైన నాలుగు యూనిట్లలో ఒకటి ఒంగోలుకే దక్కింది. మిగిలినవి రోహ్‌తక్, అహ్మదాబాద్, అజ్మీర్. గుంటూరు వద్ద లాం, ప్రకాశం జిల్లాలో చదలవాడ, నెల్లూరు జిల్లాలో చింతలదేవి క్షేత్రాలు ఈ జాతి పరిరక్షణకు కృషి చేస్తున్నాయి. 2014లో రాష్ట్రీయ గోకుల్ మిషన్ ప్రారంభమైంది. పశువు చెవికి వేసే 12 అంకెల గుర్తింపు పోగు పల్లెపల్లెకూ చేరింది. కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యం స్ట్రాపై ఆబోతు సంఖ్య ముద్రించే ఉంటుంది. రైతు చేయవలసిందల్లా ఆ సంఖ్యను పుస్తకంలో రాసుకోవడం, దూడ పుట్టగానే తల్లి పోగు సంఖ్యను దాని పక్కన చేర్చడం.

పోటీల నిర్వాహకులు చేయదగినది మరింత ఉంది. చెవి పోగు, తల్లిదండ్రుల వివరాలు ఉన్న పశువుకే తుది బహుమతికి అర్హత కల్పిస్తామని ఒక ఏడాది ముందుగా ప్రకటిస్తే చాలు, రైతులే పుస్తకాలు తెరుస్తారు. మార్కుల్లో కొంత భాగం తల్లి పాల దిగుబడికి కేటాయించవచ్చు. ఆబోతులకు వాటి సంతతిని పక్కన నిలబెట్టి చూసే విభాగం పెట్టవచ్చు. ఒక ఆబోతును మూడేళ్లకోసారి మరో ఊరి ఆబోతుతో మార్చుకునే ఏర్పాటు గ్రామ పెద్దలు చేసుకోవచ్చు. వీటిలో వేటికీ కోట్ల నిధులు అవసరం లేదు.

బరిలో గెలిచిన గిత్త చిత్రం గోడపై ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ దాని వంశం ఎటు పోయిందో ఆ చిత్రం చెప్పదు. చెప్పగలిగేది చెవి పోగు సంఖ్య, తల్లి పాల లెక్క, తండ్రి పేరు రాసిన ఒక్క కాగితమే. తెల్లని మేనిని తీర్చిదిద్దిన తాతల తరానికి ఆ కాగితం అవసరం రాలేదు. పొలం వారికి సాక్ష్యంగా నిలిచింది. ఆ సాక్ష్యం కరవైన నేటి తరానికి పుస్తకమే దిక్కు.