పాత స్పోర్ట్స్ కారు: కొనే ధర ఒకటి, భరించే ఖర్చు మరొకటి

ఒకప్పుడు కోటి రూపాయల దరిదాపుల్లో పలికిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు పదిహేనేళ్లు తిరిగేసరికి మధ్యస్థాయి కొత్త ఎస్‌యూవీ ధరకే దొరుకుతోంది. మంచి జీతం అందుకునే నగర ఉద్యోగికి ఇది అందివచ్చిన కలలా కనిపించడం సహజం. అయితే కారు ధర తగ్గినంత మాత్రాన దాని విడిభాగాల ధర తగ్గదు. వాటిని నేటికీ ఖరీదైన కారు విడిభాగాలుగానే అమ్ముతారు. దీనికితోడు గత కొన్నేళ్లలో మారిన ప్రభుత్వ నిబంధనలు పాత వాహనం లెక్కను మరింత సంక్లిష్టం చేశాయి.

పెరిగిన రుసుములు

వ్యక్తిగత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ రుసుమును సాధారణ కారుకు రూ.600 నుంచి రూ.5,000కు, దిగుమతి కారుకు రూ.15,000 నుంచి రూ.40,000కు పెంచారు. 2025 ఆగస్టు నాటి సవరణతో 20 ఏళ్లు దాటిన కార్లకు ఇవి వరుసగా రూ.10,000, రూ.80,000 అయ్యాయి. స్పోర్ట్స్ కార్లలో అధిక భాగం దిగుమతి అయినవే కనుక పెద్ద మొత్తమే వర్తించే అవకాశం ఎక్కువ.

ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలపై ఆంక్షలను సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. 2025 ఆగస్టులో కఠిన చర్యలు వద్దన్న న్యాయస్థానం, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. ఈ అనిశ్చితి వల్ల అక్కడి పాత కార్లు ఇతర రాష్ట్రాలకు తరలుతున్నాయి. చౌకగా వచ్చిందని హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చుకునేవారు నిరభ్యంతర పత్రం, కొత్త రిజిస్ట్రేషన్, స్థానిక రహదారి పన్ను ఖర్చులను కొనుగోలు ధరకు కలుపుకోవాలి. మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం, వాహనాన్ని 12 నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవడం తప్పనిసరి.

ఇంజిన్‌లో దాగిన ఖర్చు

బాక్‌స్టర్ ఇందుకు మంచి ఉదాహరణ. 1997-2008 మధ్య తయారైన ఈ పోర్షె కార్ల ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ బలహీనత జగమెరిగినదే. అది విరిగితే మొత్తం ఇంజిన్ పాడవుతుంది. 2009 మోడల్‌తో వచ్చిన కొత్త ఇంజిన్లలో ఆ షాఫ్టే లేదు. బయటికి ఒకేలా కనిపించే రెండు కార్ల మధ్య ఒక్క తయారీ సంవత్సరం తేడా లక్షల రూపాయల తేడా కాగలదు. క్లచ్ మార్చేందుకు ఎలాగూ గేర్‌బాక్స్ దించుతారు కనుక, అప్పుడే ఈ బేరింగునూ మార్చిస్తే కూలి ఒక్కసారితో పోతుంది. పాత యజమాని ఆ పని చేయించారా లేదా అన్నది సర్వీసు బిల్లులే చెప్పాలి.

తక్కువ తిరిగిన కారే మంచిదన్న నమ్మకమూ అన్నివేళలా నిజం కాదు. నెలల తరబడి నిలిచిపోయిన కారులో రబ్బరు గొట్టాలు పెళుసుబారతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు గట్టిపడతాయి. టైరు పక్క భాగంపై ముద్రించిన నాలుగంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అనువుగా తయారుకాని పాత ఇంజిన్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడం కొంత ఊరట.

బీమా పరిమితులు

ఐదేళ్లు దాటిన కారు బీమా విలువను యజమాని, సంస్థ పరస్పర అంగీకారంతో నిర్ణయించుకుంటారు. పదేళ్లు దాటితే, సాధారణ పాలసీలో లోహ భాగాలకు 50 శాతం తరుగుదల కోత పడుతుంది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు వయసుతో నిమిత్తం లేకుండా అదే కోత. మరమ్మతు వ్యయం బీమా విలువలో 75 శాతం మించితే వాహనాన్ని పూర్తి నష్టం కింద లెక్కగడతారు. ప్రీమియం తగ్గుతుందని తక్కువ విలువ రాయించుకున్నవారు ఓ మోస్తరు ప్రమాదంతోనే కారును కోల్పోయే ప్రమాదముంది.

లెక్క ఎలా వేసుకోవాలి?

ఉదాహరణకు చేతిలో రూ.25 లక్షలు ఉన్నాయనుకుంటే, రూ.25 లక్షల కారు కొనడం పొరపాటు. రూ.17 లక్షల కారు చూసుకుని, తొలి ఏడాది బాకీ మరమ్మతులకు రూ.3 లక్షలు, బదిలీ, పన్నులు, బీమాకు రూ.2 లక్షలు, ఇంజిన్ లేదా గేర్‌బాక్స్ మొరాయిస్తే ఆదుకునేందుకు రూ.3 లక్షలు విడిగా ఉంచుకోవడం వివేకం. ఏటా అయ్యే సర్వీసు, టైర్లు, బ్రేకుల ఖర్చు నెల జీతం నుంచి రావాలే తప్ప ఈ నిధి నుంచి కాదు. కొనేముందు ఆ మోడల్ తెలిసిన స్వతంత్ర మెకానిక్‌తో తనిఖీ చేయించడానికి అయ్యే కొన్ని వేలను వృథాగా భావించరాదు.

కొత్త కారు తొలి ఏళ్లలోనే విలువను వేగంగా కోల్పోతుంది. పాత స్పోర్ట్స్ కారు విషయంలో ఆ నష్టాన్ని మొదటి యజమాని ముందే భరించి ఉంటారు. ఆ మేరకు కొన్నవారికి లాభమే. ఆ లాభం చేతిలో మిగలాలంటే మాత్రం బేరం కుదిరిన రోజున జేబు ఖాళీ కాకూడదు.